పొద్దున్నే ఊడ్చిన ఉత్తరాలు

ఆ రోజుల్లో మా పాలమూరులో ఇంటర్నెట్టు అంటే ఒక జాగా. "ఇంటర్నెట్టు కాడికి పోయొస్త" అని చెప్పులేసుకుని బయలుదేరేవాళ్ళం, పాలకేంద్రానికో రేషను దుకాణానికో పోయినట్టు. అది బస్టాండు వెనక సందులో ఒక మడిగ. ముందు జిరాక్సు మిషను, పక్కన అద్దాల ఎస్టీడీ డబ్బా, లోపల పరదా వెనక రెండు కంప్యూటర్లు. (పరదా దుమ్ము పడకుండా కట్టింది. జనం మాత్రం లోపల ఏదో దేవుడున్నట్టు పరదా ముందర చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు.) ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఒక్క వేలితో లోకమంతా తిప్పుతుంటారు, వాళ్ళకు నేను ఆ మడిగలో పనిచేశానంటే నమ్మకం కుదరదు. ఏడో తరగతి తప్పినదాన్ని కదా. (లెక్కల్లో తప్పాను, ఇంగ్లీషులో కాదు. ఈ సంగతి అడగకపోయినా అందరికీ చెబుతుంటాను.) పనిచేయడమే కాదు, నా పనితనంతో పదకొండు ఇండ్లలో ఐదు వారాలపాటు ఎవరికీ అన్నం సయించకుండా చేశాను. ఆ ముచ్చట ఇన్నేండ్లకు రాస్తున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, అప్పుడు మాత్రం మాకెవరికీ నవ్వు రాలేదు.

మా పెండ్లయిన రెండో ఏడు మా ఆయన దుబాయ్ పోయాడు. మా దిక్కున సముద్రం దాటి ఏ ఎడారికి పోయినా దుబాయే అంటారు. ఆయన పోయింది నిజానికి వేరే దేశం, దాని పేరు మా అత్తమ్మకు ఇప్పటికీ నోరు తిరగదు. సెంట్రింగు పని. మా వాడకట్టు నుంచీ చుట్టుపక్కల ఊర్ల నుంచీ ఒకే ఏజెంటు పట్టుకుపోయిన పదకొండు మంది ఒకే క్యాంపులో ఉండేవాళ్ళు. ఆ క్యాంపు ఆఫీసులో ఒక కంప్యూటరు, దాని ముందు టైంకీపర్ పని చేసే నిజామాబాద్ ఆయన ఉండేవాడు. మనవాళ్ళలో ఎవరికీ ఆ మిషను మీద చెయ్యి పెట్టడం రాదు. శుక్రవారం సెలవు నాడు ఒక్కొక్కరే పోయి నోటితో చెబితే, ఆయన తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి పంపేవాడు. మేం పంపిన జవాబు కూడా ఆయనే చదివి వినిపించేవాడు. ఫోనుకైతే హలో హలో అనేసరికే నిమిషాలు అయిపోయేవి, పోస్టు ఉత్తరమైతే ఇరవై రోజులు పట్టేది. అందుకని ఈ కొత్త పద్ధతి దొరికాక ఆ రెండూ మానేశారు. మంచి దొరికిందని పాతవాటిని పూర్తిగా వదిలేయకూడదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

మడిగ నడిపే ఆయనను ఊరంతా జిరాక్స్ భాయ్ అనేది. మొదట్లో నేను మా ఆయన ఉత్తరం కాగితం మీద తీయించుకోవడానికి వారానికొకసారి పోయేదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంటుంటే భాయ్ విని, "చెల్లె, నువ్వు మంచిగనే చదువుతున్నవ్ గదా. నాకు జిరాక్సు కాడనే పొద్దు గడుస్తాంది. గీ ఆడోళ్ళ ఉత్తరాలు తీసుడు, చదివి చెప్పుడు నువ్వు చూసుకో, జీతమిస్త" అన్నాడు. అత్తమ్మ ఒప్పుకోదనుకున్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "పో. నా కొడుకు ముచ్చట అందరికన్న ముంగల మనకే తెలుస్తది" అంది. అట్లా నేను ఉద్యోగస్తురాలినయ్యాను.

ఆ పదకొండు మంది ఇండ్లకూ భాయ్ పదకొండు ఉత్తరాల పెట్టెలు తెరిచి ఇచ్చాడు. పైస తీసుకోకుండా పెట్టెలిచ్చే కంపెనీ ఒకటి ఉండేది. పెట్టె తెరవడానికి ఒక రహస్యపు మాట ఉండాలి, అది ఇంకొకరికి చెప్పొద్దు అని భాయ్ ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆడవాళ్ళందరూ శ్రద్ధగా విని, తల ఊపి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ మాట నా చెవిలో చెప్పిపోయారు. "నీకు గాక ఎవరికి చెప్తం" అనేవాళ్ళు. నేను దేన్నీ కాగితం మీద పెట్టలేదు, అన్నీ తలలోనే. తొమ్మిది మందివి పిల్లల పేర్లు, ఒకామెది బర్రె పేరు, పదకొండోది నాది. అది ఇప్పటికీ చెప్పను.

పని బాగానే సాగుతుండగా, రెండో నెలలో నా పరువు పోయిన సంగతి ఒకటి జరిగింది. మా పెట్టెలో అంతా ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో కంగ్రాచులేషన్స్ అని ఉంది. ఆ మాట నాకు తెలుసు, బడిలో పరుగు పందెంలో గెలిచినప్పుడు ఇచ్చిన కాగితం మీద అదే ఉండేది. కింద లాటరీ అని ఉంది, దాని పక్కన ఒక అంకె, దాని వెనక సున్నాలు వరుసగా చీమల్లాగా ఉన్నాయి. భాయ్ ఆ పూట హైదరాబాదు పోయాడు. నేను ఆగలేక కాగితం తీసుకుని ఇంటికి ఉరికాను. అత్తమ్మ ఏమీ అడగలేదు, నేరుగా దుకాణానికి పోయి బెల్లం కొనుక్కొచ్చి వాడకట్టంతా పంచింది. పంచుతూ పంచుతూనే మైసమ్మకు యాటను కోస్తానని మొక్కేసింది. మర్నాడు భాయ్ ఆ కాగితం చూసి తల గోక్కుని, "చెల్లె, గీ లెటరు నాగ్గూడ వచ్చింది. మన మడిగల అందరికి వచ్చింది. నా జిరాక్సు మిషనుకు ఒక్కదానికే రాలే" అన్నాడు. డబ్బు రాకపోయినా మొక్కు మొక్కే కాబట్టి యాట మాత్రం పోయింది. అప్పటి నుంచి మా వీధిలో నన్ను లాటరీ కోడలు అనేవాళ్ళు. ముఖ్యంగా మా ఎదురింటి టైలరక్క. ఆమె ఇంటాయన కూడా ఆ క్యాంపులోనే ఉండేవాడు. నేను నల్లా దగ్గర కనిపిస్తే చాలు, "ఏం లాటరీ కోడలా, ఇయ్యాల ఎంతొచ్చింది" అని బిందె పక్కకు జరిపేది.

ఆ సిగ్గుతో నేను భాయ్ ని పట్టుకున్నాను. ఇటువంటి దొంగ ఉత్తరాలు నా కంట పడకుండా చేసే ఉపాయమేదైనా చెప్పమన్నాను. భాయ్ అప్పుడు పెట్టె లోపల పక్కగా ఉన్న ఇంకో అర చూపించాడు. దాని మీద బల్క్ అని రాసి ఉంటుంది. "కంపెనీ ఈ నడుమనే పెట్టింది. చెత్త ఉత్తరాన్ని మిషనే పసిగట్టి ఈ అరల ఏస్తది. మంచిది ముంగట్లనే ఉంటది. నువ్వు గీ అరల చూడకు. గని పెట్టె శానా చిన్నది, చెత్తతోని నిండితే మంచి ఉత్తరం గూడ లోపలికి రాదు. జర రోజు సాఫ్ చేస్తుండు" అన్నాడు. అంతే, నాకు నా పని దొరికింది. మడిగ తెరవగానే కంప్యూటరు పెట్టి, మొదట మా ఇంటి పెట్టె, తర్వాత వరుసగా మిగతా పది, ఆ అర తెరిచి, అన్నింటికీ ఒకేసారి గుర్తు పెట్టి, చూడకుండా తీసిపారేసేదాన్ని. ముఖం పక్కకు తిప్పుకుని మరీ చేసేదాన్ని, ఒకవేళ కంగ్రాచులేషన్స్ కనబడితే మళ్ళీ మనసు చెడుతుందేమోనని. తర్వాత చీపురు తీసుకుని మడిగ ఊడ్చేదాన్ని. రెండు ఊడ్పులూ అయ్యాక నాకు ఎంతో హాయిగా ఉండేది.

ఇక నా కడుపులో దాచుకున్న ముచ్చట చెప్పాలి. మా ఆయన ఉత్తరాల్లో ఎప్పుడూ ఇంటి రేకుల గురించే ఉండేది. వానకాలం వస్తోంది రేకులు మార్పించు, రేకుల కింద కట్టెలు చూడు, రేకులకు తుప్పు పట్టిందా. అమ్మ ఎట్లుంది, రేకులు ఎట్లున్నాయి. నేను ఎట్లున్నానని ఒక్క ముక్క ఉండేది కాదు. కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఒక రోజు ఒళ్ళు మండి, మడిగలో ఎవరూ లేని సమయం చూసి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను: "ప్రతి ఉత్తరంల రేకులేనా. నేను నీకు యాదికొస్తనా లేదా, ఒక్క మాట చెప్పు. లేకుంటే ఇంక రేకులకే రాసుకో." పంపించేశాను. పంపిన క్షణంలో ఎంత ధైర్యంగా ఉన్నానో, మర్నాటికి అంత దిగులు పట్టుకుంది.

ఆ శనివారం ఉత్తరం రాలేదు. మా ఆయనదే కాదు, ఎవరివీ రాలేదు. (శుక్రవారం అక్కడ కొడితే శనివారం పొద్దున మాకు అందేవి.) మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. రెండో వారం ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పరదా దగ్గర నిలబడి, "రాలేదా" అని అడిగి, నా ముఖం చూసి వెళ్ళిపోయారు. మూడో వారం వెళ్ళిపోవడం మానేశారు. జిరాక్సు మిషను పక్కన బల్ల మీద పొద్దున్నుంచీ కూర్చునేవాళ్ళు. నేను రోజుకు నాలుగుసార్లు పదకొండు పెట్టెలూ తెరిచేదాన్ని. పొద్దున్నే ఇంకా శ్రద్ధగా ఊడ్చేదాన్ని. పెట్టె నిండి మంచి ఉత్తరం వెనక్కి పోతుందేమోనని భయం కదా. భయం పెరిగినకొద్దీ నా ఊడ్పు కూడా పెరిగింది.

అందరి తరఫునా నేను పదకొండు ఉత్తరాలు రాశాను, ఎట్లున్నరు, ఎందుకు రాస్తలేరు అని. జవాబు లేదు. భాయ్ క్యాంపు నంబరుకు మూడుసార్లు ఫోను చేశాడు. గంట మోగింది, ఎవరూ ఎత్తలేదు. భాయ్ డబ్బాలోంచి బయటికి వచ్చి, "ఫికర్ చెయ్యకుండ్రి, పనికి పోయుంటరు" అన్నాడు గాని, అది సెలవు రోజని అందరికీ తెలుసు. దానికి తోడు టైలరక్క జడ్చర్ల బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విని వచ్చింది. ఆ దేశంలో ఎక్కడో కడుతున్న బిల్డింగు కూలిందట. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు అంటే ఏదీ తెలియదు. ఎప్పుడూ నోరు మూయని ఆ మనిషి ఆ ముక్క చెప్పి, చేతిలో ఉన్న టేపును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. లాటరీ కోడలా అని పిలవలేదు. పిలిస్తే బాగుండునని నాకనిపించింది.

ఇంట్లో అత్తమ్మ రెండు పూటలు తినడం మానేసి ఒక పూటకు వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని, "పిల్లా, నువ్వేమన్న రాసినవా వానికి, మనసు నొచ్చేటట్టు" అని అడిగింది. నేను లేదన్నాను. మొదట్లో ఆయనకు కోపం వచ్చిందని ఏడ్చాను. బిల్డింగు మాట విన్నాక, అది కోపమే అయి ఉండాలని మొక్కుకున్నాను. దేవుడా, నా మీద ఎంత కోపమైనా రానియ్యి, జన్మంతా మాట్లాడకపోయినా సరే అని. మిగతా పది మందికీ ఒకేసారి వాళ్ళ పెండ్లాల మీద కోపం ఎందుకు వస్తుంది అనే ఆలోచన నాకు రానే లేదు. మనిషి తన తప్పు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే లెక్కలు రావు. (ఏడో తరగతిలోనే తేలిపోయింది కదా.)

ఐదో శనివారం, మోడెము అనే డబ్బా సరిగా పనిచేయడం లేదని భాయ్ హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు సారును పిలిపించాడు. నడివయసు మనిషి, కళ్ళద్దాలు, మెత్తటి మాట. ఆయన వైర్లు చూసి బాగుచేసి, "నడుస్తుందో లేదో చూడమ్మా, నీ పని నువ్వు చేసుకో" అని నా వెనక నిలబడ్డాడు. పట్నం సారు చూస్తున్నాడు కదా, నేను చకచకా మా పెట్టె తెరిచి, బల్క్ అర తెరిచి, అన్నింటికీ గుర్తు పెట్టి తీసేశాను. రెండోది, మూడోది. ఆయన మెచ్చుకుంటాడని లోపల అనుకుంటున్నాను. ఏడోది తీసేశాక ఆయన మెల్లగా అడిగాడు.

"చూడకుండానే తీసేస్తావా అమ్మా?"

"పొద్దుగాల రోజూ ఇంతే సార్, మొత్తం ఊడ్చేస్త" అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఇందులో మీ తెలుగు ఉత్తరం ఒకటి ఉన్నట్టుందే" అని ఎనిమిదో పెట్టె వైపు వేలు చూపించాడు.

అది టైలరక్క పెట్టె. లాటరీలకూ మందులకూ నడుమ ఒక వరుస ఉంది. పంపిన పేరు నాకు తెలియనిది. విషయం అని ఉండే చోట పెద్ద అక్షరాలతో చాలా అర్జంటు అని రాసి, దాని వెనక ఆశ్చర్యం గుర్తులు ఏడో ఎనిమిదో పెట్టి ఉన్నాయి. తెరిచాను. మొదటి వరుసలోనే "అందరం క్షేమం" అని ఉంది.

ఆ ఉత్తరం సాంతం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. టైంకీపర్ అన్న రాసింది. "అందరం క్షేమం. మమ్ములను ఎడారిల కొత్త సైటుకు మార్చిండ్రు. ఇక్కడ ఫోను లేదు. పాత ఆఫీసుకు మీరు రాసినవి ఇటే వస్తున్నయి, గని ఇక్కడి నుంచి కొత్త పేరుతోనే రాయాలె. శుక్రవారం ఒక్క గంట కంప్యూటర్ ఇస్తరు. పదకొండు మందికి పదకొండు ఉత్తరాలు రాసే టైము లేదు, అందుకే అందరికి కలిపి ఒక్కటే రాస్తున్న. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పిండ్రు, వరుసగ కొట్టిన. ఎవరిది ఎవరికో మీకే తెలుస్తది. పైసలు పంపినం. మీరు రాస్తలేరు రాస్తలేరు అని మా మీద పడుతుండ్రు, మేం వారం వారం రాస్తనే ఉన్నం, మీరే చదువుతలేరు." దాని కింద పేర్లు లేకుండా పదకొండు ముక్కలు.

నేను ఏడుస్తున్నానా నవ్వుతున్నానా తెలియక సారుకు నీళ్ళిచ్చే బదులు నేనే తాగాను. ఆయన కూర్చుని, ఇది మిషను తప్పూ కాదు, నీ తప్పు ఒక్కదానిదీ కాదు అని చెప్పాడు. "అది మాటల అర్థం చదవదమ్మా. గుర్తులు చూస్తుంది. ఒకే ఉత్తరం ఒకేసారి చాలా పెట్టెలకు వస్తే అనుమానపడుతుంది. పంపిన పేరు కొత్తదైతే ఇంకొంచెం. అర్జంటు అని పెద్ద అక్షరాలుంటే, ఆశ్చర్యం గుర్తులుంటే, లోపల డబ్బు మాటలుంటే ఇంకొంచెం. అన్నీ కలిపి ఒక హద్దు దాటితే చెత్తలో వేస్తుంది. దొంగ ఉత్తరాలు రాసేవాళ్ళంతా అట్లాగే రాస్తారు కదా. మీ మనిషి కూడా పాపం అన్నీ అట్లాగే రాశాడు" అన్నాడు. నాకు మా మేనమామ పెండ్లిలో పందిరి దగ్గర నిలబెట్టిన పెద్దమనిషి గుర్తొచ్చాడు. పిలవనివాళ్ళు భోజనానికి రాకుండా చూడమంటే, చెప్పుల దుమ్ము చూసి మనుషులను ఆపాడు. నడిచి వచ్చిన పెండ్లికొడుకు అన్ననే ఆపేశాడు. సారు నా చేత టైంకీపర్ అన్న కొత్త పేరును ప్రతి పెట్టెలోని తెలిసినవాళ్ళ పట్టీలో రాయించాడు. అట్లా రాసుకుంటే మనవాడేనని మిషను లోపలికి పంపుతుందట. తీసేసినవి మళ్ళీ తెచ్చే దారి లేదా అని అడిగాను. ఊడ్చి పారేసింది కుప్పలో కూడా లేదమ్మా అన్నాడు.

జిరాక్స్ భాయ్ నన్ను పక్కకు పిలిచి, "చెల్లె, ఇయ్యాలనే వచ్చిందని చెప్పు. అందరు ఖుషి అయితరు. పోయిన వారాల ముచ్చట నువ్వెందుకు తీసుడు" అన్నాడు. ఆ మాట నాకు చాలా తియ్యగా వినిపించింది. కాని అప్పటికే ఆడవాళ్ళు వస్తున్నారు, అత్తమ్మ కూడా వస్తోంది. ఒక అబద్ధం మోస్తేనే ఇన్నాళ్ళు నిద్ర లేదు, ఇంకొకటి నా వల్ల కాదనిపించింది. అందరినీ బల్ల మీద కూర్చోబెట్టి ముందు "అందరు మంచిగున్నరు" అన్నాను. వాళ్ళు కొంగులు కండ్లకు అద్దుకోవడం అయ్యేదాకా ఆగి, మిగతాది చెప్పాను. వారం వారం ఉత్తరాలు వచ్చాయని, మిషను చెత్తలో వేసిందని, నేను చూడకుండా పారేశానని.

అత్తమ్మే మొదలుపెట్టింది.

"ఇంట్ల వాకిలి ఊడ్వమంటే మూలలన్ని ఇడిచిపెడ్తది. గీడ మాత్రం ఒక్క ముక్క మిగలకుంట ఊడ్చింది" అంది.

టైలరక్క ముందు నవ్వింది. తర్వాత నా భుజం మీద ఒకటి వేసింది, అది నిజంగానే నొచ్చింది. "ఐదు వారాలు సచ్చి బతికినం గదనే లాటరీ కోడలా" అంది. ఆ పేరు వినగానే నా కండ్లలో నీళ్ళు తిరిగాయి.

ఇక ఆ పదకొండు ముక్కల పంచాయితీ. నేను ఒక్కొక్కటే చదువుతుంటే ఎవరిది వాళ్ళు పట్టుకోవాలి. "బర్రె ఈనిందా" అన్నది అందరికీ తెలిసిపోయింది, రహస్యపు మాట బర్రె పేరు పెట్టుకున్న ఆమెదే. "చిన్నదానికి సూది మందు వేయించు" అంటే ఇద్దరు లేచారు, ఇద్దరికీ చిన్నపిల్లలే. ఒకామె, మా ఆయనకు పిల్లకు సూదులుంటాయని కూడా తెలియదు, అది నీదే తీసుకో అని కూర్చుంది. "మా అమ్మతోని కొట్లాట పెట్టుకోకు" అన్నది ఎవరూ తీసుకోలేదు. అందరూ పక్కవాళ్ళ వైపు చూశారు. చివరికి టైలరక్క, "తేండ్రి, నాదే" అంది. "రేకుల కట్టెలు మార్పించినవా" అన్నది చదివి నేను ఆగాను. అది మా ఆయనదే అయి ఉంటుంది, ఇంకెవరిది. అంతలో పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామె, "మాదే చెల్లె, మా కొట్టం మీద రేకులు మొన్న గాలికి లేచినయి" అంది. నాకు ఆమెను కౌగిలించుకోవాలనిపించింది.

చివరి ముక్క మిగిలింది. గొంతు సవరించుకుని చదివాను. "నువ్వడిగిన దానికి నాలుగు వారాల సంది చెప్తనే ఉన్న. యాదికొస్తవు. రోజూ వస్తవు. గని గా మాట టైంకీపర్ అన్నకు చెప్పి రాయించాలె, వీళ్ళందరు వింటరు. నాకు సిగ్గయితది."

ఒకేసారి ముగ్గురు మాట్లాడారు. అది మా ఆయన మాటే అని ఒకామె, మా ఆయనకే గంత సిగ్గు అని ఇంకొకామె. అంతకుముందే బర్రెను తీసుకున్న ఆమె కూడా బర్రెను వదిలేసి దీన్ని అడిగింది. నేను నోరు తెరవలేదు. నేను ఏం అడిగానో చెబితేనే కదా అది నాదని చెప్పగలిగేది. పైగా లోపల ఒక లెక్క తిరుగుతోంది. నాలుగు వారాలు. పది మంది మగవాళ్ళ ముందర, ఎండకు మాడిన ముఖంతో, నాలుగుసార్లు ఆ మాట నోటితో చెప్పాడు. నాలుగుసార్లూ నేను ముఖం పక్కకు తిప్పుకుని ఊడ్చేశాను. అత్తమ్మ నా వైపు చూసింది. ఏం చదివిందో నా ముఖంలో, కొంగు దులుపుకుని లేచి, "ఎవలదో వాళ్ళకెరుకనే. లెండ్రి, ఇండ్లల్ల పొయ్యిలు ముట్టియ్యాలె" అని అందరినీ బయలుదేరదీసింది. పోతూ పోతూ నాతో, "నువ్వు నిమ్మలంగ రా" అంది.

ఆ మధ్యాహ్నం సారు చెప్పినట్టు పదకొండు జవాబులు వేరువేరుగా కొట్టాను. అక్కడి మిషను కూడా చెత్తలో వేయకూడదు కదా. పదీ అయ్యాక నాది మిగిలింది. పరదా వేసుకున్నాను. భాయ్ భోజనానికి పోయాడు, మడిగలో నేనొక్కదాన్నే. ఎన్ని మాటలు ఉన్నాయో మనసులో. ఐదు వారాల మాటలు, పెండ్లి నాటి నుంచి చెప్పని మాటలు. మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. అప్పుడు అనిపించింది, ఇది టైంకీపర్ అన్న గట్టిగా చదువుతాడు. పది మంది వింటారు. ఆయన తల వంచుకుని నిలబడతాడు. చెవులు కాలిపోయాయి నాకు. వేలు తీశాను, మళ్ళీ పెట్టాను. భాయ్ చెప్పుల చప్పుడు వినిపించేసరికి గబగబా ఏదో కొట్టి పంపేశాను.

ఏం కొట్టానో తెలుసా? "నల్లా మూడు రోజులకొకసారి వస్తాంది. నీళ్ళు మంచిగనే ఉన్నయి. అత్తమ్మ రెండు పూటలు తింటాంది."

మా ఆయన మరో ఏడాదిన్నరకు క్షేమంగా తిరిగి వచ్చాడు. ఆ ఉత్తరం సంగతి ఆయన అడగలేదు, ఆ చివరి ముక్క నీదేనా అని నేనూ అడగలేదు. ఇన్నేండ్లయింది, ఇంకా అడగలేదు. అప్పుడప్పుడు పొయ్యి ముందర కూర్చుని ఆ రోజును తలచుకుంటాను: ఇరవై రెండేండ్ల పిల్ల, పరదా వెనక, ముఖమంతా ఎర్రగా చేసుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, మునిసిపాలిటీ నీళ్ళ గురించి లోకంలో ఎవరూ రాయనంత ప్రేమగా రాస్తోంది.